పెట్టెలో చిక్కుకున్న గొంతు

లుకాయాలో బస్సులు ఆగేచోట కోడిముక్కలూ అరటికాయలూ కాల్చే పొగలోంచి కళ్ళు నులుముకుంటూ బయటపడితే ఎదురుగా కనిపించే రేకుల షెడ్డే హజ్జాతి జలియా నడిపే కిబాండా. సినిమా హాలనగానే పెద్దగా ఊహించుకోకండి. కొన్ని బల్లలు, ఒక తెల్లగుడ్డ, వెనకాల గుమ్మం మీద చెక్క అటక, ఆ అటక మీద ల్యాప్‌టాపు, బొమ్మ వేసే మిషను. అంతే. అయినా ఆ గుడ్డ మీద ఏ దేశంవాడు ఏ భాషలో అరిచినా లుకాయా వాళ్ళకి అర్థం కాకపోవడమన్నది లేదు. ఆ పుణ్యమంతా వీజే ముగెర్వాది.

బొమ్మ ఆడుతుంటే అటక మీద మైకు పట్టుకు కూర్చుని, అప్పటికప్పుడు మన మాటల్లో కథ చెప్పడం ఆయన పని. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడనుకునేరు, ఆ పాపం ఆయన ఎన్నడూ ఎరగడు. కుంగ్‌ఫూ సినిమాలో మీసాల దుర్మార్గుడు ఆయన నోట్లో పడ్డాడంటే మసాకా నుంచి వచ్చిన భూముల బ్రోకరు అయిపోవలసిందే. రాజుగారి తల్లి సంతలో టమాటాలు అమ్మే ఆడమనిషిలా తిట్టేది. ముసలమ్మ గొంతు, పసిపిల్ల గొంతు, గుర్రం సకిలింపు, అన్నీ ఆ ఒక్క గొంతులోంచే. నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుని బయటికి పరిగెత్తినవాళ్ళు ఇప్పటికీ ఊళ్ళో తిరుగుతున్నారు, అడగండి చెబుతారు.

అలాంటి మనిషి పోయిన వానల్లో అటక నిచ్చెన మీంచి జారి పడ్డాడు. తుంటి ఎముక అతుక్కుంది గానీ ఇక నిచ్చెన మాట ఎత్తొద్దన్నారు వైద్యులు. చేతికర్రతో నడుస్తున్నాడు, వేళకి తింటున్నాడు, మాట మాత్రం మానేశాడు. "మటోకె, అరటికాయ ముద్ద, ఇంకొంచెం వెయ్యనా నాన్నా?" అంటే "ఊ". "కాలు లాగుతోందా?" అంటే "ఆ". కూతురు నబ్బోసాకి ఇది భరించరానిదైపోయింది. తల్లి లేని ఇంట్లో ఆ పిల్ల పెరిగిందే ఆ గొంతులన్నిటి మధ్య. ముసలమ్మ గొంతుతో లాలించాడు, బ్రోకరు గొంతుతో బెదిరించి అన్నం తినిపించాడు. ఇప్పుడు పొయ్యి మీద వేరుశనగ పులుసు ఉడికే చప్పుడు తప్ప ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు. అటక మీద మిషను నడిపేది ఆ పిల్లే కాబట్టి, ఆయన్ని మళ్ళీ హాల్లో కూర్చోబెట్టే దారి వెతకడం మొదలుపెట్టింది.

ల్యాప్‌టాపు కిందికి దింపేద్దామంటే హజ్జాతి ఒప్పుకోలేదు. అంతకు ముందుది కిందే ఉండేది. ఒకరోజు పొద్దున వచ్చి చూస్తే గోడ రేకు పైకి లేచి ఉంది, ల్యాప్‌టాపు లేదు. అందుకే కొత్తదాన్ని అటకెక్కించి, ఇనుప పెట్టె చేయించి, దాన్ని చెక్కలకి బోల్టులతో బిగించేసింది. పోనీ మైకు తీగ పొడుగు చేద్దామని నబ్బోసా అటక నుంచి తెర దాకా రేకుల కింద తీగ లాగింది. అది మైకు తీగ అన్న సంగతి మరిచిపోయి రేడియో పట్టడం మొదలుపెట్టింది. హీరో హీరోయిన్ దగ్గరికి జరిగే ఘట్టంలో ఎవరో పాస్టరు "పశ్చాత్తాపపడండి!" అని గర్జించాడు. జనం బల్లలెక్కి గెంతారు. ముగెర్వా ఒక్కడే నవ్వలేదు.

అప్పుడు తెచ్చింది నబ్బోసా ఆ బ్లూటూత్ హెడ్‌సెట్. చెవులకి రెండు దిండ్లు, నోటి ముందు చిన్న కొమ్మలాంటి మైకు. తీగ లేదు.

దాన్ని ల్యాప్‌టాపుకి పరిచయం చెయ్యడమే ఒక పెళ్ళిచూపుల తతంగమైంది. మొదట అసలు కనిపించనే లేదు. బొత్తాం నొక్కింది, వదిలింది, మళ్ళీ నొక్కింది. అలా నొక్కి వదిలితే కాదు, చిన్న దీపం ఎర్రగా నీలంగా మార్చి మార్చి వెలిగేదాకా నొక్కిపట్టి ఉంచాలని తెలుసుకోవడానికి ఒక పూట పట్టింది. తరవాత ల్యాప్‌టాపులో పేరు కనిపించింది, నొక్కితే అతుక్కోనంటుంది. ఇంతలో ఎవరో ఫోను చేస్తే మాట హెడ్‌సెట్‌లో వినిపించింది. అప్పుడు అర్థమైంది, కొన్ననాడు కొట్టువాడు పరీక్ష చెయ్యడానికి దాన్ని ఈమె ఫోనుకే కలిపాడు. ఆ హెడ్‌సెట్ ఎప్పుడు కళ్ళు తెరిచినా ముందు ఫోను దగ్గరికే పరిగెత్తుతోంది.

"ఓసి నీ వేషాలో! ఇంట్లో ఒకడిని పెట్టుకుని సంబంధాలకి వస్తావా?" అని తిట్టి, ఫోనులో దాని పేరు తీసేసింది. ల్యాప్‌టాపులోనూ పాత పేరు చెరిపేసి మళ్ళీ మొదటి నుంచి కలిపింది. ఈసారి బుద్ధిగా అతుక్కుంది. మైకుగా కూడా దాన్నే ఎంచుకోవాలని వెతికి వెతికి పట్టుకుంది. తెర దగ్గర నిలబడి "ఒకటి, రెండు, మూడు" అంటే స్పీకర్లు గంటల్లా మోగాయి.

ముగెర్వాని బతిమాలి తీసుకొచ్చింది. ఆయన హెడ్‌సెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "తీగ లేకుండా మాట ఎటుగా వెళ్తుందే?" అన్నాడు. ఎన్ని రోజులకో నోట్లోంచి వచ్చిన నిండు వాక్యమది. నబ్బోసాకి కడుపు నిండిపోయింది.

సంత రోజు ఆటకి హాలు కిటకిటలాడింది. వీజే మళ్ళీ వచ్చాడని చపాతీలు చేసేవాళ్ళు పెనాలు దించి మరీ వచ్చారు. సినిమా మొదలైంది, ముగెర్వా గొంతు సవరించుకున్నాడు, "అయ్యలారా అమ్మలారా" అన్నాడు. స్పీకర్లలోంచి "అయ్... మ్మ... రా" అని వచ్చింది. ఆ తరవాత గురగుర, ఆ తరవాత ఏమీ లేదు. కాసేపటికి ఒక ముక్క, మళ్ళీ ఏమీ లేదు. జనం ముందు నవ్వారు, తరవాత ఈలలు వేశారు, చివరికి "ముసలాయనకి గొంతు కూడా విరిగిందర్రా!" అని ఎవడో అరిచాడు. ముగెర్వా హెడ్‌సెట్ తీసి కుర్చీకి తగిలించి, కర్ర పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున నబ్బోసా పెట్టుకుని చూస్తే నిక్షేపంలా పని చేసింది. సాయంత్రం ఆటకి తనే పెట్టుకుంటే మళ్ళీ గురగుర. పొద్దున పలుకుతుంది, ఆటకి మూగబోతుంది. చార్జింగు నిండా పెట్టింది, మళ్ళీ చెరిపి కలిపింది, ల్యాప్‌టాపు ఆపి వేసింది. అదే తంతు. సలహాలకి మాత్రం లోటు లేదు. జనం ఊపిరి ఆవిరి అడ్డొస్తోందన్నారు కొందరు. సంచుల్లో ఉన్న ఫోనులన్నీ కలిసి దాన్ని లాక్కుంటున్నాయన్నారు కొందరు. పక్క ఊరి కిబాండా వాళ్ళు ఏదో పాతిపెట్టించారని కోళ్ళు కాల్చే ఆవిడ గుమ్మం కింద తవ్వడానికి గునపం కూడా తెచ్చింది.

హజ్జాతి జలియా సంచిలోంచి ల్యాప్‌టాపుకి గుచ్చే చిన్న ఫ్లాష్ డ్రైవు తీసి చూపించింది. కంపాలా వీజేలు ముందే మాటలు నింపి అమ్మే సినిమాలు అందులో ఉన్నాయి.

"మీ నాన్నంటే నాకు గౌరవమే అమ్మాయీ. కానీ ఇలా గురగురలు వినిపిస్తే జనం నా మొహం చూస్తారా? ఆదివారం దాకా ఆగుతా. అప్పటికీ ఇంతే అయితే ఇక ఇదే. మీ నాన్నకి ఉచితంగా ముందు బల్ల మీద చోటిస్తాలే."

"నాన్న ఇంకొకడి గొంతు వింటూ కూర్చోవాలా హజ్జాతీ?"

"మరి నన్నేం చెయ్యమంటావు?"

 నబ్బోసా ఇంటికెళ్ళి తండ్రి ముందు కూర్చుని, ఆదివారం ఒక్కసారి రమ్మని బతిమాలింది. ఆయన గోడకేసి చూస్తూనే "ఊ" అన్నాడు. ఈ ఒక్క ఊ కూడా పోతే ఆయన ఇక నోరు తెరవడని ఆమెకి తెలుసు.

శనివారం పొద్దున హెడ్‌సెట్ తగిలించుకుని, ఏదో పాట పాడుకుంటూ అటక మీద మిషను తుడుస్తోంది. పాట స్పీకర్లలో ఖంగున వినిపిస్తోంది. అంతలో పెద్ద వాన. రేకు సందులోంచి నీళ్ళు కారి సరిగ్గా పెట్టె మీద పడటం మొదలైంది. ఎక్కడ ల్యాప్‌టాపు తడుస్తుందోనని గబుక్కున పెట్టె తలుపు మూసింది. పాట ఆగిపోయింది.

ఆమె ఆపలేదు, పాడుతూనే ఉంది. స్పీకర్లే ఆగిపోయాయి.

తలుపు తెరిచింది. పాట వచ్చింది. మూసింది. గురగుర. తెరిచింది. పాట. పిచ్చిదానిలా తెరుస్తూ మూస్తూ ఉండిపోయింది. పొద్దున తను పరీక్ష చేసేటప్పుడు ఎప్పుడూ తలుపు తెరిచే ఉండేది. ఆటకి జనం రాగానే హజ్జాతి పెట్టెకి తాళం వేసి తాళంచెవి నడుముకి కట్టుకునేది. నాన్న గొంతు తలుపు దాకా వచ్చి, లోపలికి పోలేక అక్కడే చచ్చిపోతోంది.

"ఓరి నాయనో, లుబ్వామా బాబాయ్ పెట్టె!" అంది.

లుబ్వామా ఊళ్ళో వెల్డింగ్ పనివాడు, ముగెర్వాకి చిన్నప్పటి స్నేహితుడు. ఆ పెట్టె ఆయన గర్వం. దళసరి రేకు, ఎక్కడా చీమంత అతుకు కనబడనియ్యలేదు, తీగలకి మాత్రం వేలెడంత కంత. దారిన పోయేవాళ్ళని కూడా పిలిచి చూపించేవాడు. అలాంటి మనిషి దగ్గరికి వెళ్ళి నబ్బోసా పద్ధతిగా మోకరిల్లింది. మోకాళ్ళ మీద ఉండి పెద్దవాళ్ళ పనికి వంక పెట్టడం ఎంత కష్టమో అనుభవిస్తే గానీ తెలియదు.

"ఎలా ఉన్నారు బాబాయ్?"

"బాగున్నాం తల్లీ. ఇంట్లో ఎలా ఉన్నారు?"

"ఉన్నాం బాబాయ్. పని బాగా సాగుతోందా?"

"సాగుతోంది. మీ నాన్న ఎలా ఉన్నాడు?"

"మీ పెట్టె నాన్న గొంతు తినేస్తోంది బాబాయ్."

లుబ్వామా చేతిలో సుత్తి కింద పెట్టాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. విని, "చూడు తల్లీ, ఇనుము దొంగని ఆపుతుంది. గొంతునెందుకు ఆపుతుంది? గొంతేమన్నా మేకా, దడి కడితే ఆగిపోవడానికి? నీ చెవుల దిండ్లలోనే ఏదో లోపం ఉంది, వెళ్ళి కొట్టువాడి మొహాన కొట్టు," అన్నాడు.

"మీ ఫోను ఒక్కసారి ఇస్తారా?"

ఆయన్ని హాలుకి తీసుకెళ్ళి అటక మీదికి ఎక్కించి, ఆయన ఫోనునే పెట్టెలో పెట్టి, తలుపు తెరిచి ఉంచి తన ఫోను నుంచి చేసింది. గణగణ మోగింది. తలుపు మూసి తాళం వేసి మళ్ళీ చేసింది. "మీరు పిలిచిన నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు" అంది ఫోనులో ఆడగొంతు. లుబ్వామా నమ్మలేదు. పెట్టెకి చెవి ఆనించి మళ్ళీ చెయ్యమన్నాడు. తనే చేశాడు. ఆ ఆడగొంతు ఆయనకీ అదే చెప్పింది. ఆయన మొహం చూసి నబ్బోసాకి భయం వేసింది. పెద్దాయన మనసు విరిచేశానా అనుకుంది.

లుబ్వామా నెమ్మదిగా పెట్టె మీద చెయ్యి వేసి నిమిరాడు. "అంటే... నెట్‌వర్కు కూడా నా పెట్టెలోకి దూరలేకపోయిందన్నమాట!" అన్నాడు. "నబ్బోసా, నేను మరీ బాగా చేశానే!" అని అటక అదిరేలా నవ్వి, కిందికి దిగి ఆ మాట రోడ్డు మీద కనిపించిన ప్రతివాడికీ చెప్పి వచ్చాడు.

ఆ పొంగులోనే పెట్టె పక్క రేకులో కిటికీ కోస్తానన్నాడు. హజ్జాతి గుండె బాదుకుంది. "కంత పెడితే దొంగ చెయ్యి పెడతాడు!"

"ఇది ఎవరో పెట్టే కంత కాదు హజ్జాతీ, నేను కోసే కిటికీ. ఇందులో చెయ్యి పెట్టిన దొంగ తన వేళ్ళు తనే లెక్కపెట్టుకోవాలి."

రెండు అరచేతులంత ముక్క కోసి, పాత పసుపు రంగు నీళ్ళ డబ్బా చీల్చి, ఇనుములా గొంతుని ఆపని ఆ ప్లాస్టిక్‌ని లోపలి నుంచి బోల్టులతో బిగించాడు. పెట్టెకి పచ్చకామెర్లు వచ్చినట్టు కనిపించింది గానీ గట్టిగానే ఉంది. హజ్జాతి తనే తాళం వేసి లాగి చూసింది. నబ్బోసా తెర దగ్గరికి వెళ్ళి హెడ్‌సెట్‌లో, "ఈ ఊళ్ళో హజ్జాతి జలియా అంతటి దయగల మనిషి లేదు," అంది. ముక్క చెదరకుండా స్పీకర్లన్నీ ఆ మాట పలికాయి.

"మళ్ళీ అను, సరిగ్గా వినబడలేదు," అంది హజ్జాతి.

ఆదివారం మధ్యాహ్నం ముగెర్వా మడమల దాకా జారే తెల్లని కంజూ మీద కోటు వేసుకుని వచ్చాడు. తెర పక్కన కుర్చీ వేశారు. మొన్న ఈలలు వేసినవాళ్ళే ఇవాళ కూడా వచ్చారు, వేడుక చూడటానికి. నబ్బోసా అటక మీద సినిమా మొదలుపెట్టింది, హజ్జాతి తాళం వేసి కిందికి దిగి గుమ్మం దగ్గర కూర్చుంది. ముగెర్వాకి కంఠతా వచ్చిన పాత కుంగ్‌ఫూ సినిమా అది.

"అయ్యలారా అమ్మలారా!" గొంతు నిండుగా, స్వచ్ఛంగా హాలంతా పరుచుకుంది. జనం కేకలు వేశారు. నబ్బోసా కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి ఏదో తేడాగా ఉంది. తెర మీద బ్రోకరు నోరు మూసేశాక అతని మాట వినిపిస్తోంది. ముసలమ్మ ఏడవటం మొదలుపెట్టినప్పుడు బ్రోకరు నవ్వు వినిపించింది.  ముగెర్వా నోటి నుంచి ల్యాప్‌టాపుకి, అక్కడి నుంచి స్పీకర్లకి వచ్చేలోపు మాట అర గుక్క ఆలస్యమవుతోంది. తను పరీక్ష చేసినన్నిసార్లూ "ఒకటి రెండు మూడు" అంది, పాటలు పాడింది, హజ్జాతిని పొగిడింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బొమ్మ వేసి చూసుకోలేదు! దీనికి చెరిపి కలిపే మందు లేదు. తీగ లేని మాట నడక అంతే.

కింద ముగెర్వా తడబడుతున్నాడు. తన మాట తన చెవికే ఆలస్యంగా తిరిగొస్తుంటే ఎంతటి మాటకారికైనా నాలుక మడతపడుతుంది. ఒక మాట సగంలో ఆగింది. ఇంకో మాట రెండుసార్లు వచ్చింది. వెనక బల్లల మీంచి గుసగుసలు మొదలయ్యాయి. ఒక ఈల లేచింది. హజ్జాతి చెయ్యి సంచిలోకి వెళ్ళడం నబ్బోసా పై నుంచి చూసింది.

ముగెర్వా కర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు. వెళ్ళిపోతున్నాడనుకుంది నబ్బోసా. ఆయన జనం వైపు తిరిగాడు.

"అల్లరి ఆపండర్రా! నేను నిచ్చెన మీంచి పడ్డప్పటి నుంచి కుంటుతున్నాను. ఇవాళ నా గొంతు కూడా కుంటుతూ వస్తోంది, చూశారుగా! సరే. అది ఆలస్యంగా వస్తే నేనే ముందు బయలుదేరతా."

తెర వైపు తిరిగాడు. చెవుల దిండ్ల మీద రెండు చేతులూ గట్టిగా నొక్కుకున్నాడు, తన మాట తనకి వినబడకుండా. ఇంకా నోరు తెరవని బ్రోకరు మాట తను అనేశాడు. బ్రోకరు నోరు తెరిచేసరికి మాట సరిగ్గా అతని పెదవి మీద వాలింది. ముసలమ్మ ఏడుపు ముసలమ్మకే అందింది. గుర్రం సకిలింపు గుర్రానికి చేరింది. గుసగుసలు ఆగిపోయాయి. హజ్జాతి చెయ్యి సంచిలోనే ఉండిపోయింది.

అక్కడితో ఆగితే ఆయన ముగెర్వా ఎందుకవుతాడు? రుచి మరిగాడు. మాటని ఇంకొంచెం ముందుకి జరిపాడు.

"బ్రోకరూ, వెనక్కి తిరుగు!"

బ్రోకరు వెనక్కి తిరిగాడు.

హాలు ఒక్కసారిగా పేలిపోయింది.

"ఆ టీ చల్లారిపోతోంది, తాగు! మూతి కాలింది కదూ, పారబొయ్యి! హీరో నాయనా, ఆ గోడ ఎందుకు చూస్తావు, దూకు!"

బ్రోకరు తాగాడు, పారబోశాడు. హీరో దూకాడు. జనం బల్లల మీద నిలబడ్డారు. "మీసం పీకమను మ్జే, పెద్దాయనా!" అని ఒకడు, "కొట్టమను, ఇంకోటి కొట్టమను!" అని ఇంకొకడు. లుబ్వామా పక్కవాడి భుజం చరిచి, "నా కిటికీలోంచే వెళ్తున్నాయి ఆ ఆజ్ఞలన్నీ," అంటున్నాడు. ఇన్నేళ్ళూ తెర మీది వాళ్ళు పెదవి కదిపితే మాట వెతుక్కున్న మనిషి, ఇవాళ తను మాట అంటే గానీ వాళ్ళని పెదవి కదపనివ్వడం లేదు. ఇళ్ళ కప్పుల మీదినుంచి దూకే వీరుల్ని కర్ర మీద వాలి నిలబడి నడిపిస్తున్నాడు.

నబ్బోసా అటక అంచు పట్టుకుని చూస్తోంది. చెంపలు తడిసిపోతున్నాయి, నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియలేదు. అన్ని గొంతులూ తిరిగొచ్చాయి.

తెర మీద బ్రోకరు చచ్చి పడ్డాక ముగెర్వా వెనక్కి తిరిగి, అటక వైపు తలెత్తాడు. తెర వెలుగు ఆయన మొహం మీద పడింది. పెదవులు కదిలాయి. ఏమన్నాడో ఆ పెదవుల్లోనే చదువుకుని, నబ్బోసా చేత్తో కళ్ళు తుడుచుకుంది. అప్పుడొచ్చింది స్పీకర్లలోంచి ఆయన గొంతు.

"ఇప్పుడు అటక మీద నా కూతురు కళ్ళు తుడుచుకుంటుంది, చూడండి."